దిబ్బకి ఒక పేరు, పేటకి ఒక పేరు

బజారుని బాగుచెయ్యడం మన డెల్టాలో ఈనాటి ముచ్చట కాదు. 1830 ప్రాంతంలో రాబర్ట్‌సన్ అనే కలెక్టరు బందరులో కొత్తగా ఒక పేట కట్టించాడు. ఆ పేట చతుష్పథానికి అందం తేవాలని అమరావతి స్తూపం నుంచి 33 శిల్పఫలకాలు తెప్పించి నిలబెట్టించాడు. పేటకి అతని పేరే వచ్చింది. 1835లో మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ వాటిని చూసి, ఇవి ఇక్కడ ఉండవలసినవి కావు, మద్రాసుకి పంపండి అన్నాడు. వెంటనే కదల్లేదు గాని చివరికి ఆ రాళ్లు మద్రాసు మ్యూజియంకి చేరాయి. బందరులో రాబర్ట్‌సన్‌పేట మాత్రం ఇప్పటికీ ఉంది.

ఒకే ఊళ్లో వలందపాలెం, ఫ్రెంచిపేట, ఇంగ్లీషుపాలెం పక్కపక్కనే ఉండే ఊరు బందరు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో వచ్చారు. ఆ ఓడల్లోకి ఎక్కిన అద్దకం గుడ్డని ఉతికి, ఉడికించి, ఎండబెట్టిన కుటుంబాల్లో ఆడవాళ్లూ ఉన్నారు. ఏ పాలేనికీ వాళ్ల పేరు రాలేదు. ఇది మనకి కొత్త సంగతి కాదు కాబట్టి ఇక్కడ ఆగను. నన్ను ఆపేసింది ఆ 33 రాళ్లు.

ఎందుకంటే అమరావతి రాయి అంటే ఊరికే బొమ్మ కాదు. చాలా రాళ్ల మీద, ఇది ఫలానావాళ్ల దానం అని ప్రాకృతంలో చెక్కి ఉంటుంది. రాజుల పేర్లకంటే గృహస్థుల, వర్తకుల, భిక్షువుల, భిక్షుణుల, ఇల్లాళ్ల పేర్లే అక్కడ ఎక్కువ. చమ్మకారుడు, అంటే తోలుపని చేసే విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకులూ కూతుళ్లతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకం ఇచ్చాడు. సముదియ అనే ఆవిడ తనని తాను ఉపాధ్యాయినిగా చెప్పుకుంది. ఎవరి స్తోమతుకి తగ్గట్టు వాళ్లు ఒక ఫలకమో, స్తంభమో ఇస్తే ఆ స్తూపం లేచింది. ఇవాళ ‘ప్రజల భాగస్వామ్యం’ అని మనం ఉపన్యాసాల్లో వినే మాటకి అంతకంటే పాత ఉదాహరణ మన ప్రాంతంలో దొరకడం కష్టం. అంతమంది కలిసి కట్టినదాన్ని ఊడదీసి, ఒక్క అధికారి పేరున్న బజారుకి అలంకారం చేశారు. ‘సుందరీకరణ’ అనే మాట వినపడినప్పుడల్లా నాకు ఆ చతుష్పథమే గుర్తొస్తుంది.

కృష్ణకి అవతలి ఒడ్డున భట్టిప్రోలులో ఈ ఉమ్మడి లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం గర్భంలో రాతి కరండాలు బయటికి తీశాడు. వాటి మీద రాసినవాటిని జార్జ్ బ్యూలర్ చదివాడు. క్రీస్తుకి రెండు మూడు వందల ఏళ్ల ముందువి. ఒకదాని మీద నిగమం, అంటే పట్టణ సంఘం, సభ్యుల పేర్లు వరసగా ఉన్నాయి. అన్నీ మగపేర్లే. ఇంకోదాని మీద కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు అని ఉంది. తల్లికే కాదు, తండ్రికి కూడా అక్కడ సొంత పేరు లేదు, ఇద్దరూ కొడుకు పేరు మీదే నిలబడ్డారు. మూడోది అరచేతిలో ఇమిడే చిన్న స్ఫటికం. దాని మీద సన్నని అక్షరాలతో ‘మాతుగామ’ అని ఉంది. బ్యూలర్ చెప్పిన అర్థం ప్రకారం నందపురం స్త్రీలు, సువణమాహానికి చెందిన శ్రామణేరులు ఒక ‘గోహి’లో, అంటే గోష్ఠిలో, కలిసి ఇచ్చిన కానుక అది. మగవాళ్లు పేరుపేరునా, ఆడవాళ్లు మూకుమ్మడిగా. అయినా నేను ఆ స్ఫటికాన్ని తీసిపారెయ్యలేను. ఒక ఊరి ఆడవాళ్లు సంఘంగా చేరి ఇచ్చిన దానం నమోదైన తెలుగునేల రాతల్లో అంత పాతది ఇంకొకటి నా చదువులో తగల్లేదు.

ఆ భట్టిప్రోలు స్తూపం ఉన్న చోటుని స్థానికులు పిలిచిన పేరు లంజదిబ్బ. గుడివాడ నడిబొడ్డున ఉన్న స్తూపం దిబ్బ పేరూ అదే.

గుడివాడ పాత ఊరు. పార్శ్వనాథుడి జైన విగ్రహం, పడమటి పాటిమీద శాతవాహనుల కాలపు నాణేలు, పూసలు, ఊరి మధ్య బౌద్ధ స్తూపం. పందొమ్మిదో శతాబ్దంలో ఈ స్తూపాన్ని రోడ్డు వెయ్యడానికి పగలగొట్టారు. పగలగొడుతుంటే ధాతుకరండాలు దొరికాయి. భట్టిప్రోలులోనూ అదే కథ: ఇటుకలు రోడ్లకి పోయాయి, చెక్కిన రాళ్లు వెల్లటూరు తూము కట్టడానికి వెళ్లాయి. 1882లో రాబర్ట్ స్యూయల్ అచ్చువేసిన పురావస్తువుల జాబితా చదువుతుంటే ఊరి తర్వాత ఊరు ఇదే వరస. బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయింది, కాలవలు వచ్చాయి, వరి వచ్చింది, బండ్లు నడవడానికి రోడ్లు కావలసివచ్చాయి. డెల్టాలో కొండరాయి ఎక్కడ దొరుకుతుంది? దిబ్బల్లో ఇటుక సిద్ధంగా ఉంది. ఇంజనీర్లని తిట్టి ప్రయోజనం లేదు. ఆ రోడ్ల మీదే మనవాళ్ల బళ్లు నడిచాయి, ఆడపిల్లలు బడికి నడిచారు.

ఇటుకలు పోయినా పేరు పోలేదు. మా అమ్మమ్మ ఊరు గుడివాడకి దగ్గరే. ఆవిడ ఆ మాట ఎన్నడూ నోటితో అనలేదు. ‘ఆ దిబ్బ’ అనేది, అంతే. మా మేనమామలు మాత్రం తడుముకోకుండా పూర్తి పేరు చెప్పేవారు, దారి చెప్పేటప్పుడు కూడా. ఒకే ఊళ్లో ఆడవాళ్లకి ఒక భూగోళం, మగవాళ్లకి ఒకటి.

అమరావతి స్తూపాన్ని జనం దీపాలదిన్నె అన్నారు. జగ్గయ్యపేటది ధనంబోడు. వెలుగు, డబ్బు, ఇక్కడ మాత్రం ఇది. వేశ్య ఒకతె కట్టించిందనో, అక్కడ ఉండేదనో జనం కథలు చెప్పుకున్నారు. పెళ్లి చేసుకోకుండా, మొగుడి ఇంట్లో కాకుండా, ఆడవాళ్లు గుంపుగా ఉన్న చోటుని పరాయి మతం వాళ్లు ఇంకేమంటారు, భిక్షుణుల మీద పడ్డ తిట్టే ఇది అనే వాదనా ఉంది. శాసనాధారం లేని ఊహే అయినా నాకు మొదటి కథ కంటే ఇదే ఎక్కువ నమ్మబుద్ధవుతుంది. ఆడది ఒంటరిగా డబ్బు ఖర్చుపెడితే, అది ఎక్కడి డబ్బు అని అడగడం మన ఊళ్లకి అలవాటే కదా.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ పేరు అసహ్యంగా ఉంది, తీసేసి ‘బౌద్ధ స్తూపం’ అని మాత్రమే రాద్దాం అనడం సులువు. మర్యాదస్తుల ఊరికి అది హాయిగానే ఉంటుంది. గుడివాడ నుంచి పామర్రు, కూచిపూడి మీదుగా వెళ్తే మొవ్వ. క్షేత్రయ్య పదాలని తరాల పాటు గొంతులో దాచిన కలావంతుల్నీ ఇదే మాటతో పిలిచారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం చేసింది. అంకితాలు ఆగాయి, ఆగవలసిందే. కాని ఆ స్త్రీల పాట, ఆట వేరేవాళ్ల వేదికల మీదికి మర్యాదగా ఎక్కి, వాళ్ల మీద తిట్టు మాత్రమే మిగిలింది. అందుకే మాటని చెరిపేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. ఆ పేరు ఎందుకు వచ్చిందో అక్కడే, బోర్డు మీద, పెద్ద అక్షరాలతో రాయాలి. దాని పక్కన నందపురం ఆడవాళ్ల సంగతీ రాయాలి. ఊరు ఊరూ మెయిన్ బజారు వెడల్పు చేసినప్పుడు వర్తక సంఘం, మునిసిపాలిటీ, దాతలు కలిసి ఒక శిలాఫలకం వేస్తారు. ఆ ఫలకం మీద ఎవరుంటారో మనకి తెలుసు. కూరల తట్టలతో ఆ రోడ్డు పక్కన కూర్చుని, విస్తరణలో చోటు పోగొట్టుకున్న మనిషి ఉండదు.

శిలాఫలకం ఎలా రాయాలో మొవ్వ దాటి వెళ్తే వచ్చే ఘంటసాలకి సంబంధించిన ఒక స్త్రీ ఎప్పుడో చూపించింది. అప్పట్లో దాని పేరు కంటకసెల, రేవుపట్టణం. టాలెమీ కూడా రాసుకున్నాడు. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి పధ్నాలుగో పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో చైత్యగృహం కట్టించి పెద్ద శాసనం వేయించింది. అందులో తను చేయించిన పనులన్నీ లెక్క రాసింది: ఒకచోట చెరువు, ఒకచోట గదులు, ఇంకోచోట బోధివృక్షానికి గుడి, కంటకసెల మహాచైత్యం తూర్పు వాకిట రాతిమండపం. ఊళ్లమీద ఊళ్లు తిరిగిన పద్దు అది. పుణ్యం పంచేటప్పుడు మెట్టినింటివాళ్లతో ఆపలేదు, పుట్టింటివాళ్లనీ, అక్కచెల్లెళ్లనీ, కూతుర్నీ, కోడళ్లు భదసిరినీ మిసినీ పేర్లతో సహా చేర్చింది. తర్వాత పని చూసుకున్న ముగ్గురు భిక్షువుల పేర్లు. ఆఖరి మాట రాయి చెక్కినవాడిది. అతని పేరూ విధికుడే: ఇది రాతిపనివాడు విధికుని పని.