రోష్నీకి కనిపించని ఖూన్

పాత హకీములు నబ్జ్ పట్టి మర్జ్ చెప్పేవారు. నబ్జ్‌ను నమ్మాలా, దమ్‌ను చూడాలా అన్న బహస్ 19వ శతాబ్దం చివర మన హైదరాబాద్‌లోనే నడిచింది. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు మనిషి ప్రాణం ఎలా పోతుందో తేల్చడానికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానాలో, 1888, 1889లలో రెండు కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి నిజాం డబ్బుతో లండన్ నుంచి లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. ఎడ్వర్డ్ లారీ ఫైసలా ఒక్కటే: నబ్జ్ కాదు, దమ్ చూడండి. అయితే క్లోరోఫామ్ నేరుగా గుండెనే ఆపగలదని 1911లో ఎ.జి. లెవీ ప్రయోగాలు చూపాయి. దమ్ చూడమన్నది మంచి మాటే. అదొక్కటే చాలదని తేలింది.

దమ్‌నూ నబ్జ్‌నూ కలిపి చూసే దారి 1974లో జపాన్‌లో దొరికింది. నిహోన్ కోడెన్ కంపెనీ ఇంజనీర్ తకువో అయోయాగి వేరే కొలత కోసం చెవికి రోష్నీ పెట్టి చూస్తుంటే, నబ్జ్ కొట్టుకోవడం లెక్కకు అడ్డొచ్చింది. ఆ అడ్డంకినే ఆయన ఆసరా చేసుకున్నారు. ఆక్సిజన్ నిండిన ఖూన్ ఎర్ర కాంతిని తక్కువగా, పరారుణ కాంతిని ఎక్కువగా పీల్చుకుంటుంది. రెంటినీ పోల్చితే సూది గుచ్చకుండానే ఆక్సిజన్ శాతం తెలుస్తుంది. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లకు వచ్చిన వేలి క్లిప్ అదే. అయోయాగి 2020 ఏప్రిల్‌లో, ఆ వబా మధ్యలోనే, కన్నుమూశారు.

కడుపులోని బిడ్డను కూడా ఇలాగే చూడాలన్న ఆశ పుట్టింది. ఉమ్మనీరు పోయాక బిడ్డ చెంపకు ఆనించే సెన్సార్‌కు 2000లో అమెరికా ఇజాజత్ ఇచ్చింది. 2006లో 5,341 మంది తల్లులతో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది: సిజేరియన్లు తగ్గలేదు, బిడ్డల హాల్ మెరుగుపడలేదు. ఆ యంత్రం మార్కెట్ నుంచి పోయింది. తల్లి పొట్ట మీది నుంచే కాంతి పంపే ప్రయత్నం ఇంకా పరిశోధనలోనే ఉంది.

ఇక మన తూర్పు కనుమల సంగతి. అరకు, పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి నొప్పులు పడుతున్న తల్లిని డోలీలో మోసుకొస్తారు. అక్కడ మలేరియా ఉంది, సికిల్ సెల్ ఉంది, ఖూన్ కీ కమీ ఉంది. ఆమె వేలికి క్లిప్ పెడితే 98 అని రావచ్చు. చూసినవాళ్లు బేఫికర్ అయిపోవచ్చు.

ఆ 98 అనేది ఉన్న హిమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్‌తో నిండిందో చెబుతుంది. హిమోగ్లోబిన్ ఎంత ఉందో చెప్పదు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 12 ఉన్న తల్లి 100 మిల్లీలీటర్ల ఖూన్‌లో దాదాపు 16 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. 6 ఉన్న తల్లికి 8 కూడా ఉండదు. క్లిప్ మాత్రం ఇద్దరికీ అదే 98 చూపుతుంది. కాన్పులో కాస్త ఎక్కువ ఖూన్ పోయిందంటే ఆ రెండో తల్లికి తట్టుకునే మోహ్లతే ఉండదు. పైగా నల్లని చర్మంపై ఈ క్లిప్ అసలు కన్నా ఎక్కువ అంకె చూపే అవకాశం ఉందని 2020లో అమెరికా వైద్యులు చూపారు.

ఖూన్ కీ కమీ మన్యానిదే కాదు, మన గల్లీలదీ. ఇంట్లో బహూకో బేటీకో నెల తప్పితే వేలికి పెట్టే క్లిప్‌తో తసల్లీ పడకండి. ముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. 11 కన్నా తక్కువుంటే ఇలాజ్ మొదలుపెట్టాలి, 7 కన్నా తక్కువుంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. కొండ మీది తల్లికి ఈ పరీక్ష డోలీ ఎక్కే రోజున కాదు, నెలల ముందే అందాలి. అది ఆమె హక్.