మెత్తని పగడాల అక్వేరియం దీపాలు: చరిత్ర

మెత్తని పగడాలను పెంచే ఉప్పునీటి అక్వేరియంలో దీపానికి రెండు పనులు. పగడం దేహంలో కాపురముండే సూక్ష్మ శైవలాలకు కిరణజన్య సంయోగక్రియకు కావలసిన వెలుతురు అందించడం మొదటిది. పగడపు రంగులు చూసేవారి కంటికి ఆనేలా చేయడం రెండోది. ఈ రెంటికీ ఒకే దీపం, ఎంత ప్రకాశవంతమైతే అంత మంచిదని చాలాకాలం అనుకున్నారు. పగడం బతకడానికి పనికొచ్చే వెలుగు, పగడం మెరిసి కనిపించే వెలుగు ఒకటే కానక్కర్లేదని తెలిసిరావడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది.

రాతి పగడాలకు ఉండే గట్టి సున్నపు అస్థిపంజరం మెత్తని పగడాలకు ఉండదు. కండలో చెదురుగా ఉండే సన్నని సున్నపు పలుకులే వాటికి ఆసరా. పగడంలోని ఒక్కో చిన్న జీవికి, అంటే పాలిప్‌కు, అంచులు చీలిన ఎనిమిది స్పర్శకాలుంటాయి. తోలు పగడాలని పేరుపడిన సార్కోఫైటాన్, సైన్యులేరియా, లోబోఫైటమ్, పిడికిలి మూసి తెరిచినట్టు ఆగకుండా కదిలే జీనియా అక్వేరియంలలో తరచు కనిపిస్తాయి. డిస్కోసోమా వంటి పుట్టగొడుగు పగడాలనూ, జోయాంథస్‌నూ వ్యాపారులు మెత్తని పగడాల పేరుతోనే అమ్ముతారు కానీ జంతుశాస్త్రం లెక్కలో అవి వేరే వర్గాలు.

పగడానికి వెలుతురు ఎందుకు?

పగడాలను ఇంట్లో పెంచడం 19వ శతాబ్దం నడుమ ఇంగ్లండ్‌లో మొదలైంది. 1846లో ఆనా థిన్ టార్కీ తీరం నుంచి పగడాలను లండన్‌కు తెచ్చుకుంది. సముద్రపు నీటిని కిటికీ దగ్గర ఒక పాత్ర నుంచి మరో పాత్రలోకి వంపిస్తూ గాలి కలిపించి వాటిని కాపాడింది. అవి చల్లని నీటి పగడాలు, శైవలాల పొత్తు లేనివి. అందుకే ఆమెకు దీపం సమస్య ఎదురుకాలేదు.

ఉష్ణమండల పగడాల సంగతి వేరు. సముద్ర జీవుల దేహాల్లో కనిపించే పచ్చని, గోధుమరంగు కణాలు ఆ జీవుల భాగాలు కావని, విడిగా బతకగల శైవలాలని జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బ్రాంట్ చెప్పాడు. గోధుమ రంగువాటికి 1881లో జూజాంథెల్లా అన్న పేరు పెట్టింది ఆయనే. 1928–29లో సి. ఎం. యంగ్ నాయకత్వంలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌కు వెళ్లిన బృందం పగడాలను నెలల తరబడి చీకట్లో ఉంచి చూసింది. శైవలాలు పోయినా, ఆహారం పెట్టిన పగడాలు బతికాయి. దాంతో పగడం మాంసాహారి మాత్రమేనని, శైవలాలు దానికి తిండి పెట్టవని యంగ్ తేల్చాడు. ఆ ప్రయోగం నిజమైనదే, తీర్పు మాత్రం నిలవలేదు. జపాన్ శాస్త్రవేత్త సిరో కవగుటి పలావు దీవుల్లో పనిచేసి, ఈ శైవలాలు డైనోఫ్లాజెల్లేట్లనే ఏకకణ జీవులని 1944లో చూపించాడు. పగడాలకు ఆకుపచ్చగా మెరిసే వర్ణకాలున్నాయని కూడా ఆయన గమనించాడు. 1950ల చివరి నుంచి లెనార్డ్ మస్కటిన్ వంటివారు రేడియోధార్మిక కార్బన్‌తో వెతికి, శైవలం తయారుచేసిన ఆహారం పగడం కండలోకి చేరుతోందని నిరూపించారు. ఆ తర్వాత పగడాల అక్వేరియానికి దీపం అలంకారం కాదు, ఆహారపు మూలం.

సూర్యుడి నుంచి ట్యూబ్‌లైటు దాకా

మొదటి విజయాలన్నీ ఎండ ఉచితంగా దొరికే చోట్ల వచ్చాయి. జకార్తాలో లీ చిన్ ఎంగ్ సముద్రపు నీరు, సూక్ష్మజీవులు కాపురముండే ‘జీవం ఉన్న రాళ్లు’, గాలి బుడగలు, కిటికీ ఎండ, వీటితోనే పగడాలు పెంచి, 1961లో ఆ పద్ధతిని ఒక అమెరికన్ పత్రికలో వివరించాడు. చల్లని దేశాల్లో ఆ ఎండ ఎక్కడిది? 1938లో అమెరికాలో మార్కెట్లోకి వచ్చిన ఫ్లోరోసెంట్ ట్యూబులే అక్కడి వారికి దిక్కయ్యాయి. మామూలు ట్యూబుల కింద రాతి పగడాల్లో చాలా జాతులు మెల్లగా చనిపోయేవి. తోలు పగడాలు, పుట్టగొడుగు పగడాలు మాత్రం నిలిచాయి. ఇళ్లలోని అక్వేరియంలకు మెత్తని పగడాలు ముందుగా చేరడానికి అందం కన్నా ఈ ఓర్పే కారణం.

ఇదే కాలంలో న్యూ కలెడోనియాలోని నుమేయాలో మరో తలుపు తెరుచుకుంది. 1956లో అక్కడ అక్వేరియం తెరిచిన రెనే కతాలా, కొన్నేళ్లకే లోతు నీటి పగడాలపై అతినీలలోహిత కాంతి పడేసి చూశాడు. పగటి వెలుగులో సాదాగా కనిపించే పగడాలు ఆకుపచ్చ, నారింజ, ఎరుపు రంగుల్లో వెలిగాయి. దీనిపై ఆయన పుస్తకం 1964లో వచ్చింది. రంగు కోసం ప్రత్యేకంగా దీపం ఎంచుకోవడానికి కతాలా ప్రయోగమే నాంది అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

బెర్లిన్ వెలుగులు

1970లలో జర్మన్ భాషా ప్రాంతంలో పీటర్ విల్కెన్స్ వెన్నెముకలేని సముద్ర జీవుల పెంపకంపై విస్తృతంగా రాశాడు. బెర్లిన్ ఔత్సాహికులు, వారిలో ముఖ్యంగా డీట్రిక్ ష్టూబర్, జీవం ఉన్న రాళ్లు, నీటిలోని మలినాలను నురుగుతో తీసేసే ప్రోటీన్ స్కిమ్మర్, బలమైన దీపాలు కలిపిన పద్ధతిని రూపొందించారు. ఆ బలమైన దీపం మెటల్ హాలైడ్. 1960ల తొలినాళ్లలో పెద్ద ఆవరణల కోసం తయారైన ఈ దీపం అక్వేరియంలోకి వచ్చాక, అసాధ్యమనుకున్న అక్రోపోరా రాతి పగడాలు కూడా ఇళ్లలో పెరిగాయి. 1986లో జార్జ్ స్మిట్ వ్యాసాలు ఈ యూరప్ పద్ధతులను అమెరికాకు పరిచయం చేశాయి. 1990లలో చార్లెస్ డెల్బీక్, జూలియన్ స్ప్రంగ్ కలిసి రాసిన సంపుటాలు పెంపకందారులకు పాఠ్యగ్రంథాలయ్యాయి.

మెటల్ హాలైడ్ దీపాలు నీటిని వేడెక్కిస్తాయి. ఒక్కోటి 175, 250 లేదా 400 వాట్లది. వేసవిలో వాటితోపాటు నీటిని చల్లబరిచే యంత్రం కూడా కొనాల్సి వచ్చేది. 6,500 కెల్విన్ దీపం పసుపుపచ్చని ఎండలా, 20,000 కెల్విన్ దీపం లోతు సముద్రపు నీలంలా కనిపించేది. పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ ఆచార్యుడు సంజయ్ జోషి 1990ల చివరి నుంచి ఈ దీపాలను ఒక్కొక్కటిగా కొలిచి ఫలితాలు ప్రచురించారు. ఒకే వాటేజీ ఉన్నా బల్బు, దానికి విద్యుత్తును నియంత్రించే బాలస్ట్ మారితే వెలువడే కాంతి చాలా మారుతుందని, నీలం ఎక్కువైన బల్బులు తరచుగా మొత్తం మీద తక్కువ కాంతినే ఇస్తాయని ఆ కొలతలు తేల్చాయి. పెట్టె మీది అంకెలను నమ్మి కొనే అలవాటుకు ఇది సరైన జవాబు. మెత్తని పగడాలకు మాత్రం 400 వాట్ల దీపం అనవసరమైన భారమే. రాతి పగడాల పోటీలో పడి వీటినీ అదే వెలుగులో పెట్టినవారు చాలామంది ఉన్నారు.

నీలం ఎల్‌ఈడీ

1993లో జపాన్‌లో షుజీ నకమురా ప్రకాశవంతమైన నీలం ఎల్‌ఈడీని రూపొందించాడు. ఈ రంగంలో కృషికి శాస్త్రవేత్తలు అకసాకి, అమానోలతో కలిసి 2014లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సముద్రంలో ఎరుపు కాంతి మొదటి కొన్ని మీటర్లలోనే తరిగిపోతుంది, 450 నానోమీటర్ల చుట్టుపక్కల నీలం లోతుకు దిగుతుంది. శైవలాల క్లోరోఫిల్, పెరిడినిన్ వాడుకునే కాంతిలోనూ నీలానిదే పెద్ద వాటా. అందువల్ల 2000ల మధ్య నుంచి వచ్చిన ఎల్‌ఈడీ అమరికలు పగడాలకు చక్కగా సరిపోయాయి. వేడి, విద్యుత్తు ఖర్చు తగ్గాయి, వెలుగును మెల్లగా పెంచి తగ్గించే వీలు వచ్చింది.

అయితే కొత్త ప్రమాదమూ వచ్చింది. మనిషి కంటికి నీలం మసకగా తోస్తుంది. గది చీకటిగా ఉన్నట్టే కనిపిస్తున్నా పగడం మీద భారీగా కాంతి పడుతుంటుంది. తొలి ఎల్‌ఈడీల కింద తోలు పగడాలు తెల్లబారి ముడుచుకుపోవడానికి తరచూ ఇదే కారణం. కాంతి మితిమీరితే పగడం తన శైవలాలను వెళ్లగొట్టుకుంటుంది, కాంతి చాలకపోతే శైవలాలు పెరిగి పగడం ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. సార్కోఫైటాన్ వంటివాటికి లేత గోధుమ రంగు సహజం, జబ్బు కాదు.

రంగుల రహస్యం 1999లో వీడింది. రష్యా శాస్త్రవేత్తలు డిస్కోసోమా, జోయాంథస్ వంటి జీవుల్లో ప్రతిదీప్తి ప్రోటీన్లను కనుగొన్నారు. నీలి కాంతిని పీల్చుకుని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు కాంతులుగా వెలువరించేవి ఇవే. ఆ ప్రయోగాలకు పగడాలు మాస్కోలోని ఉప్పునీటి అక్వేరియం నుంచే వచ్చాయి. డిస్కోసోమా నుంచి తీసిన ఎరుపు ప్రోటీన్ నేడు జీవశాస్త్ర ప్రయోగశాలల్లో కణాలను గుర్తించడానికి వాడుకలో ఉంది.

నేటి ఎంపిక

కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే కాంతిని ఇప్పుడు పార్ మీటర్‌తో కొలుస్తారు. మధ్యాహ్నపు ఎండలో సముద్రం పైభాగాన చదరపు మీటరుకు సెకనుకు దాదాపు 2,000 మైక్రోమోల్స్ ఉంటుంది. మెత్తని పగడాల్లో ఎక్కువ వాటికి 50 నుంచి 150 చాలు, పుట్టగొడుగు పగడాలకు అంతకన్నా తక్కువైనా సరిపోతుంది. రోజుకు 8 నుంచి 10 గంటల వెలుగు సాధారణ లెక్క. కొత్త పగడాన్ని తక్కువ వెలుగులో మొదలుపెట్టి కొన్ని వారాలపాటు పెంచుకుంటూ పోవాలి. ఎర్రగా, ఊదాగా మెరిసే డెండ్రోనెఫ్తియాకు శైవలాలు లేవు, దాన్ని ఏ దీపమూ పోషించలేదు. నిరంతరం సూక్ష్మాహారం అందించలేని వారు దాన్ని కొనకూడదు.

భారతదేశంలో రాతి పగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి సేకరించడం నేరం. ఏ పగడం కొన్నా అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగి, నీలం దీపం ఆర్పించి, తెల్లని వెలుగులో ఒకసారి చూసి కొనండి.