మన స్వామి పేరుగల కథకుడు

త్రిపురాంతకం అనగానే కొండమీద త్రిపురాంతకేశ్వరస్వామి, దిగువన చెరువులో బాలా త్రిపురసుందరి అమ్మవారు మన కళ్ళకు కడతారు. శ్రీశైలానికి తూర్పు ద్వారమని పెద్దలు చెప్పే క్షేత్రమిది. ఆ స్వామి పేరుగల ఒక గొప్ప కథకుడి గురించి మన సభ్యులలో తెలిసినవారు తక్కువ. ఆయన రాయసం వేంకట త్రిపురాంతకేశ్వరరావు గారు. సాహిత్యలోకానికి ‘త్రిపుర’.

ఆయనది మన ప్రాంతం కాదు. 1928లో గంజాం జిల్లాలో జన్మించారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, ఇంగ్లీషు అధ్యాపకులయ్యారు. ఉద్యోగం చాలాకాలం అగర్తలాలో సాగింది. అలా కలం పేరూ, పనిచేసిన రాష్ట్రం పేరూ ఒకటే అయ్యాయి. 2013లో విశాఖపట్నంలో కన్నుమూశారు.

రాసిన కథలు కొద్ది. ‘పాము’, ‘చీకటి గదులు’, ‘భగవంతం కోసం’ వాటిలో కొన్ని. అమెరికాలో ఎడ్గార్ అలెన్ పో (1809–1849) మనిషి లోపలి భయాన్ని కథావస్తువు చేశాడు. త్రిపుర గారి కథలలో దయ్యాలూ, పాడుబడ్డ కోటలూ ఉండవు. మామూలు మనుషులే ఉంటారు. చీకటి వారి మనసులలో ఉంటుంది.

ఆయనకు కాఫ్కా అంటే అభిమానం. ఆ పేరుతో ‘కాఫ్కా కవితలు’ రాశారు. ఈ కాఫ్కా కూడా మనవంటి గుమాస్తాయే! ప్రేగ్ నగరంలో కార్మికుల ప్రమాద బీమా కార్యాలయంలో 1908లో చేరి, క్షయవ్యాధి వలన 1922లో పెన్షన్ మీద విరమించాడు. దానిని రెండేళ్ళయినా అనుభవించకుండానే 1924లో మరణించాడు. పగలు ఫైళ్ళు, రాత్రి కథలు.

“ఈ వయసులో చీకటి కథలెందుకండీ? భాగవతం చదువుకోక!” అన్నారొక మిత్రులు. భాగవతం చదవవలసిందే. కానీ ‘భగవంతం కోసం’ కథలో మనిషి భగవంతం అనే వ్యక్తికోసం ఎదురుచూస్తాడు. ఎదురుచూపు మనకు తెలియనిదా? ఆఫీసు బల్లకు ఇవతల కూర్చొని ముప్పైయేళ్ళు జనం ఎదురుచూపులు చూశాం. విరమణ తర్వాత బకాయిలకోసం అవతల బెంచీమీద మనమే కూర్చున్నాం. ‘రేపు రండి’ అన్న మాటకు మనసులో కమ్మే చీకటి ఎవరితోనూ చెప్పుకోలేదు. ఇంట్లోవాళ్ళతోనైనా అనలేదు. అలాంటిది అచ్చులో కనిపిస్తే, ఈ బాధ నా ఒక్కడిదే కాదన్న ధైర్యం కలుగుతుంది.

‘త్రిపుర కథలు’ దొరికితే చదవండి. తొందరపడితే అర్థం కావు, రోజుకొకటి చాలు. చూపు ఆననివారు మనుమలచేత చదివించుకోవచ్చు. వారికీ మంచిదే.