మా ఇంటి మొదటి కంప్యూటర్: 128 ఎంబీ, 20 జీబీ, ఎనిమిది వేల రూపాయలు

మొన్న ఎండాకాలంలో మా తండాల పాత పెంకుటిల్లు విప్పి స్లాబు వేసుకున్నం. అటక మీది సామాను దించుతుంటే ఎరువుల సంచిలో చుట్టిపెట్టిన ఒక సీపీయూ డబ్బా దొరికింది. కొన్నప్పుడు తెల్లగ ఉండె, ఇప్పుడు పసుపురంగుకు తిరిగింది. మాలో పెద్దోని కొడుకు గురుకులంలో ఎనిమిది చదువుతుండు. వాడు వచ్చి "ఇది ఎంత ర్యామ్ డాడీ?" అని అడిగిండు. నూట ఇరవై ఎనిమిది అన్నం. "జీబీనా?" అన్నడు. కాదురా, ఎంబీ. వాడు పొట్ట పట్టుకొని నవ్విండు. మేం కూడా నవ్వినం గానీ, ఆ రాత్రి ముగ్గురం, అంటే ఇద్దరు అన్నదమ్ములం, మా అక్క, కూర్చొని ఆ డబ్బా సంగతి మొదటినుంచి గుర్తు చేసుకున్నం. మన పిల్లలకు పనికొస్తదని ఇక్కడ రాస్తున్నం.

మాది కల్వకుర్తి దగ్గరి తండా. బయటోళ్లకు కల్వకుర్తి అంటే 1989లో ఎన్టీఆర్ ఓడిపోయిన ఊరు. మాకైతే సంత, బస్టాండు, ఆఫీసుల ఊరు. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా.

ఒక సంగతి ముందే చెప్పాలి. కంప్యూటర్ మా ఇంటికి రాకముందే మేం కంప్యూటర్లోకి పోయినం. 2005లో రేషన్ కార్డుల కోసం కంటిపాప ఫోటోలు తీసిన్రు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మొదటి విడతలో తీసుకున్న 200 జిల్లాల్లో మన పాలమూరు కూడా ఉండె. మా యాడికి జాబ్ కార్డు వచ్చింది. ఎవరు ఎన్ని రోజులు పని చేసిన్రు, ఎంత కొలత వచ్చింది, ఎంత కూలి, అన్నీ మండలంల కంప్యూటర్లో ఎక్కించేది. పైసలు పోస్టాఫీసుకు వచ్చేది. యాడికి సంతకం రాదు, వేలిముద్రే. కంప్యూటర్ ఎట్ల ఉంటదో చూడలేదు. అయినా ఆమె పేరు, ఆమె తవ్విన మన్ను లెక్క అందులో ఉండె. అయితే ఆ పేరు ఆమె పేరు కాదు. ఒక అక్షరం పోయింది, వెనుక 'బాయి' అని ఒకటి అతికింది. దాని సంగతి తర్వాత చెప్తం.

అప్పుడు కొలత ప్రకారం పని పూర్తి చేస్తే రోజుకు 80 రూపాయలు. వంద రోజులకు 8,000. మా కంప్యూటర్ ధర కూడా సరిగ్గ అంతే. ఆ సంవత్సరం ఆఖరుకు కొన్నం. యాడి కూలి పైసలు కొన్ని, రెండు మేకలు అమ్మినవి కొన్ని, బొంబాయి పనికి పోయిన కాకా పంపినవి కొన్ని. పెద్దోడు హైదరాబాద్‌ల బీటెక్ మొదటి సంవత్సరంల ఉన్నడు. ల్యాబుల వారానికి రెండు గంటలే దొరికేది, అందులో కూడా ఒక సిస్టం ముందు ముగ్గురు. కీబోర్డు మీద చేతులు పెట్టేది ఎప్పుడూ అంతకుముందే ఇంట్ల కంప్యూటర్ ఉన్నోడు. మిగిలిన ఇద్దరూ వెనుక నిలబడి చూసుడే. కొనాలన్న పట్టుదల అక్కడ పుట్టింది.

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటరు, అక్కడ కొన్నం. సెకండ్‌హ్యాండ్. పెంటియం త్రీ, 800 మెగాహెర్ట్జ్. 64 ఎంబీ ర్యామ్ ముక్కలు రెండు. 20 జీబీ హార్డ్ డిస్కు. 15 అంగుళాల మానిటర్, లోపల పిక్చర్ ట్యూబున్న బరువుది. ఒకటిన్నర ఎంబీ కూడా పట్టని ఫ్లాపీ డ్రైవు. సీడీ డ్రైవు ఉండె గానీ దాని ట్రే తెరుచుకోవాలంటే చిన్న రంధ్రంల పిన్నీసు గుచ్చాలె. షాపాయన విండోస్ ఎక్స్‌పీ వేసిచ్చిండు. దానికి కనీసం 64 ఎంబీ కావాలని, 128 ఉంటే మంచిదని ఆ కంపెనీయే చెప్పింది. అంటే మాది సరిగ్గ మంచిది కాడ ఆగింది. స్విచ్ వేసి పొయ్యి మీద చాయ్ పెడితే, చాయ్ మరిగేసరికి డెస్క్‌టాప్ వచ్చేది.

డబ్బా వెనుక గీకేసిన స్టిక్కర్ ఒకటుండె, ఏదో కంపెనీ ఆస్తి నెంబరు. అప్పట్ల మాకు అర్థం కాలేదు, ఇప్పుడైతే అర్థమైతది. 1998 నవంబర్‌ల మాదాపూర్‌ల సైబర్ టవర్స్ మొదలైంది. ఆ చుట్టుపక్కల లేచిన బిల్డింగులకు రాయి, ఇసుక మోసినోళ్లల్ల మన పాలమూరు కూలీలు ఎంతోమంది. మా కాకావాళ్లు కూడా మోసిన్రు. ఆఫీసుల్లో మెషిన్లు మూడు నాలుగేండ్లకు మార్చేస్తరు, పాతవి లాట్ల లెక్కన మార్కెట్టుకు వస్తయి. దానికితోడు 1997ల మన దేశం ప్రపంచ వాణిజ్య సంస్థ ఐటీ ఒప్పందంల చేరింది. కంప్యూటర్ల మీద దిగుమతి సుంకం తగ్గుకుంట వచ్చి 2005కు దాదాపు సున్నా అయింది. కొత్తవి అగ్గువైతే పాతవి ఇంకా అగ్గువ. కాకావాళ్లు రాయి మోసి కట్టిన బిల్డింగుల్లో ఏదో ఒకదాంట్ల నుంచే అది మా ఇంటికి వచ్చి ఉండొచ్చు.

ఇంటి కంప్యూటర్ చరిత్ర పుస్తకాల్లో చదివితే వేరే తీరుగ ఉంటది. అమెరికాల 1977లో ఆపిల్ టూ, 1982లో 64 కేబీ ఉన్న కమడోర్, అదే ఏడు ఇంగ్లండ్‌ల స్పెక్ట్రమ్. స్పెక్ట్రమ్‌ను టీవీకి తగిలించేది, ప్రోగ్రాములు పాటల క్యాసెట్ల మీద దాచుకునేది. ఇక్కడ చూస్తే, మన హైదరాబాద్ ఈసీఐఎల్ 1969లోనే టీడీసీ-12 అనే కంప్యూటర్‌ను తెచ్చింది. ట్రాంబేలో బార్క్ వాళ్లు రూపొందించిన 12 బిట్ల యంత్రం అది. ఆ ఏడు తెలంగాణల మన లంబాడీలు ఎస్టీ జాబితాలనే లేరు. 1976 చట్టంతోనే చేరినం. ఆ తర్వాతనే మన తండాల పిల్లలు ఎస్టీ హాస్టళ్ల చేరుడు మొదలైంది. 1984లో కేంద్రం బడుల కోసం క్లాస్ అనే పథకం పెట్టి దేశంల సుమారు 250 బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది, వాటికి 32 కేబీ మెమరీ. మా తండాకు అప్పటికి టీవీ రాలేదు, స్పెక్ట్రమ్ తగిలించుకుందామన్నా తగిలించే జాగ లేదు. కేబీల కాలం మొత్తం మమ్మల్ని తాకకుండనే వెళ్లిపోయింది. మేం ఎక్కింది ఎంబీల కాడ, అదీ సెకండ్‌హ్యాండ్‌ బండి.

ఇమ్లీబన్‌ల బస్సు ఎక్కినం. మానిటర్‌ను దుప్పట్ల చుట్టి ఒళ్ల పెట్టుకున్నం, సీపీయూ కాళ్ల కింద. కండక్టరు లగేజీ టికెట్ కొట్టిండు. కడ్తాల్, ఆమన్‌గల్, వెల్దండ, ప్రతి స్పీడ్ బ్రేకర్ మా గుండెల మీదనే ఎక్కింది. కల్వకుర్తిల దిగి ఆటోల తండాకు చేరేసరికి చీకటి పడ్డది. నాయక్ ఇంటి ముందట కూసున్న పెద్దమనుషులు టీవీ అనుకొని "డిష్ ఏది?" అని అడిగిన్రు.

కరెంటు సంగతి చెప్పకుంటే ఈ కథ సగమే. పొలాలకు త్రీ ఫేజ్ ఇచ్చినప్పుడు బోరు మోటర్లన్నీ ఒక్కసారే లేచేవి, మా ఇంట్ల బల్బు ఎర్రటి నిప్పు లెక్క అయ్యేది. ఆ వోల్టేజీకి కంప్యూటర్ లేవదు. కాబట్టి మా కంప్యూటర్ టైం రాత్రి పదకొండు తర్వాత. యూపీఎస్ కొనే పైసలు లేవు. రెండుసార్లు పవర్ సప్లై కాలిపోయింది, రెండుసార్లూ సీటీసీకే పోయినం. రాసిన ప్రతి నాలుగు లైన్లకు కంట్రోల్ ఎస్ కొట్టుడు మాకు అప్పటినుంచి అలవాటు. ఇప్పుడు దానంతటదే సేవ్ అయ్యే ఫైల్ల కూడా వేళ్లు ఆగయి.

సీ నేర్చుకునేటందుకు మాత్రం ఆ మెషిన్ బ్రహ్మాండం. కాలేజీల్లో అప్పుడు చెప్పేది టర్బో సీ. అది 640 కేబీ డాస్ కాలం నాటిది, దానికి మా 128 ఎంబీ అంటే ఊరంత ఇల్లు. నీలం తెర, పసుపు అక్షరాలు. పెద్దోడు సెలవులకు వచ్చినప్పుడు రాత్రంతా రాసేది, చిన్నోడు పక్కన కూసొని చూసేది. అక్క పదో తరగతితోనే బడి మానేసింది, కానీ ఆమెనే మా ముగ్గుర్ల టైపింగ్ ముందు నేర్చుకున్నది. ఇది చరిత్రల ఎక్కడా రాయరు కాబట్టి మేం రాస్తున్నం.

తెలుగు కూడా ఆమెనే తెరిపించింది. ఎక్స్‌పీల గౌతమి అనే తెలుగు ఫాంటు ఉంటది గానీ తెలుగు తెరిస్తే అక్షరాల జాగల డబ్బాలు కనిపించేవి. కంట్రోల్ ప్యానెల్‌ల భాషల కాడ ఒక టిక్కు పెట్టాలె. పెడితే ఎక్స్‌పీ సీడీ పెట్టుమంటది. మా దగ్గర సీడీ లేదు, ఉన్నా ట్రే తెరుచుకోదు. కల్వకుర్తిల డీటీపీ షాపాయనను బతిమిలాడి సీడీ తెచ్చి, పిన్నీసు గుచ్చి, మొత్తానికి తెలుగు వచ్చింది. ఇంక మన గోర్ బోలికి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగుల, మహారాష్ట్రల దేవనాగరిల, కర్ణాటకల కన్నడంల రాసుకుంటం. డబ్బాలు పోయి అక్షరాలు వచ్చిన రోజు అక్క మొదలు కొట్టిన మాట 'యాడి'.

ఇంక పేర్ల సంగతి. 2008ల స్కాలర్‌షిప్పులు, ఫీజు రీయింబర్స్‌మెంటు ఈపాస్‌ల ఆన్‌లైన్ అయినయి. టెన్త్ మెమోల పేరు, కుల సర్టిఫికెట్ల పేరు, బ్యాంకుల పేరు ఒక్కటే ఉండాలె. మనోళ్లకు అది ఎట్ల ఉంటది? నేనావత్‌లో మధ్యల ఒకరికి వీ, ఒకరికి డబ్ల్యూ. చివర ఒకరికి టీ-హెచ్, ఒకరికి ఉత్త టీ. ఒక్క తల్లి బిడ్డలకే మూడు తీర్లు. బడిల చేర్పించిన సారు చెవికి ఎట్ల వినబడితే అట్ల రాసిండు, తల్లిదండ్రులకు చదువు రాదు కాబట్టి ఎవరూ దిద్దలేదు. కాగితాల కాలంల ఎవరో ఒకరు బతిమిలాడితే నడిచేది. కంప్యూటర్ బతిమిలాడితే వినదు. మా వరుసకు చెల్లె అయ్యే పిల్ల ఒకామెది ఒక అక్షరం తేడాతోని ఆ ఏడు ఫీజు రాలేదు. ఆమె చదివే కాలేజీ, పేరు వద్దు, ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తమన్నది. ఆమె సంవత్సరమంత పత్తి ఏరింది.

ఆ తర్వాత అక్క ఎక్సెల్‌ల ఒక షీటు పెట్టింది. తండాల చదువుకునే పిల్లలందరి పేర్లు, ఒక్కొక్కరికి నాలుగు గడులు: మెమోల ఎట్ల ఉంది, కుల సర్టిఫికెట్ల ఎట్ల, రేషన్ కార్డుల ఎట్ల, బ్యాంకుల ఎట్ల. తేడా ఉన్న గడికి ఎర్ర రంగు. మొదటిసారి చూస్తే షీటు సగం ఎర్రగనే ఉండె. ఇంట్ల ఇంటర్నెట్ లేదు. ఫ్లాపీల వేసుకొని కల్వకుర్తికి పోయి ప్రింటు తీసుకొని, తాసిల్ ఆఫీసు చుట్టూ తిరిగి ఒక్కొక్కటి దిద్దించుకున్నం. తర్వాత రెండేండ్లల్ల ఆ షీటుల ఎరుపు బాగ తగ్గింది. మా యాడి జాబ్ కార్డుల పేరు కూడా అప్పుడే సరి అయింది.

అదే ఏడు తీజ్ పండుగకు ఇంకో పని చేసినం. మా దాదికి తీజ్ పాటలు చాలా వచ్చు. నలభై రూపాయల మైకు కొని, ఎక్స్‌పీల ఉండే సౌండ్ రికార్డర్‌తోని పాడించినం. అది అరవై సెకండ్లకు ఆగిపోయేది. రేడియో క్వాలిటీ పెడితే ఒక నిమిషం పాట సుమారు 1.3 ఎంబీ అయ్యేది, ఒక ఫ్లాపీకి ఒక పాట సరిగ్గ పట్టేది. దాంతో మేం ఇదే దీని కొలత అనుకున్నం. దాది పాట నిమిషంల అయిపోదు. మధ్యల ఆగిపోతే ఆమె మళ్ల మొదటినుంచి ఎత్తుకునేది, "మధ్యల నుంచి పాట ఎట్ల పాడుతరు బిడ్డా" అనేది. ఇరవై రెండు పాటలు రికార్డు చేసినం. మళ్లొకసారి రికార్డు బటన్ నొక్కితే అదే ఫైలుల ఇంకో నిమిషం పెరుగుతదని మాకు తెలవదు. తెలిసేసరికి 2011 అయింది, దాది లేదు.

మొన్న ఆ హార్డ్ డిస్కు విప్పి, ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ పెట్టి చూసినం. డిస్కు టక్కు టక్కుమంటనే తిరిగింది. అక్క షీటు తెరుచుకున్నది. పాటలు ఇరవై రెండింట్ల పదిహేడు కాపీ అయినయి. పదిహేడు పాటల మొదళ్లు ఉన్నయి, చివర్లు లేవు.

అందుకే రెండు మాటలు అడుగుతున్నం. మీ ఇండ్లల్ల ఇట్లాంటి పాత సీపీయూలు ఉంటే పాతసామానోళ్లకు కిలో లెక్కన వేయకున్రి. లోపలి డిస్కు తీసి ఆ కేబుల్ పెట్టి, వేరే కరెంటు అడాప్టర్ తోని, ఒక్కసారే తెరిచి ముందు కాపీ చేసుకోన్రి, తర్వాత చూసుకోవచ్చు. కేబుల్ మా దగ్గర ఉంది, కల్వకుర్తి సంతరోజు తెస్తం. ఇంకోటి, వెల్దండ, ఆమన్‌గల్, దేవరకొండ దిక్కు తండాలల్ల తీజ్ పాటలు వచ్చే దాదీలు ఎవరన్న ఉంటే చెప్పున్రి. ఆ పదిహేడు మొదళ్లు ఫోన్ల వేసుకొని వస్తం, వినిపిస్తం. చివర్లు వాళ్లకు తెలిసి ఉండొచ్చు.