నిద్రా స్తంభన

నిద్రలోకి జారుకునే వేళనో, మేలుకునే వేళనో తెలివి ఉండి కూడా కాలు చేయి ఆడక, నోరు పెగలక కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాల పాటు ఉండిపోయే స్థితికి నిద్రా స్తంభన అని పేరు. 2016 అక్టోబరులో పూర్వపు మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నుంచి విడివడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలతో సహా తెలుగు పల్లెల్లో దీనిని దయ్యం గుండెల మీద కూర్చోవడంగానో, గాలి సోకడంగానో చెప్పుకుంటారు. ‘నిద్రా పక్షవాతం’ అనే అనువాదమూ వాడుకలో ఉంది గాని, పక్షవాతం అనగానే ఒక పక్క పడిపోవడమే మనసులో మెదులుతుంది కనుక, ఆ జబ్బుతో సంబంధం లేని ఈ స్థితికి ‘స్తంభన’ అన్న మాటే మేలు.

కనుగుడ్లు వేగంగా కదిలే నిద్రాదశను 1953లో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ వెల్లడించారు. కలలు దట్టంగా వచ్చే ఈ దశలో, కలలోని పరుగును దేహం నిజంగానే పరుగెత్తకుండా మెదడు కాండం నుంచి వచ్చే సంకేతాలు కండరాలను సడలించి ఉంచుతాయి. ఆ సడలింపు తొలగకముందే మెలకువ వస్తే, మనిషి తన గదిని చూస్తూనే కదలలేకపోతాడు, కల తాలూకు రూపాలు ఆ గదిలోనే నిలబడినట్టు తోస్తాయి. పక్కటెముకల మధ్య కండరాలు కూడా సడలి ఉండడం వల్ల ఎదపై బరువు పెట్టినట్టనిపిస్తుంది, అయితే ఊపిరికి ముఖ్యాధారమైన ఉదర వితానం పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఊపిరి ఆగదు. భయపడేవారికి ముందుగా చెప్పవలసిన మాట ఇదే.

తొలి వైద్య వర్ణన ఎవరిదన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. 1664 నాటి డచ్చి వైద్యుడు డీమర్‌బ్రూక్ వివరణను కొందరు, పదో శతాబ్దపు పారశీక వైద్య గ్రంథాన్ని మరికొందరు చూపుతారు. ఒక రోగి అనుభవాన్ని విడిగా నమోదు చేసిన వివరణ కనుక మొదటిదే బలమైన ఆధారంగా కనిపిస్తుంది. ‘స్లీప్ పెరాలిసిస్’ అనే ఇంగ్లీషు పేరు 1928లో కిన్నియర్ విల్సన్ వాడుకతో స్థిరపడిందని సాధారణంగా చెబుతారు, 1876లోనే వేర్ మిచెల్ ఇలాంటి స్థితిని వేరే పేరుతో వర్ణించాడు. జపానులో దీనిని కనషిబారి అంటారు. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ పలు అధ్యయనాలను కలిపి చూడగా, జీవితంలో ఒక్కసారైనా దీనికి లోనైనవారు సామాన్య జనంలో సుమారు 7.6 శాతం, విద్యార్థుల్లో 28 శాతం ఉన్నట్టు తేలింది.

నిద్ర చాలకపోవడం, వేళలు మారడం, ఆందోళన, వెల్లకిలా పడుకోవడం దీనిని ప్రేరేపిస్తాయి. దేశమంతటా పనులకు తరలిన పాలమూరు వలస కూలీల జీవితంలోనూ, గద్వాల సీడ్ పత్తి చేలల్లో సాయంత్రం మొగ్గ గిల్లి తెల్లవారి పుప్పొడి రుద్దే క్రాసింగ్ కాలంలోనూ, 2018 జనవరిలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు రాకముందు రాత్రిళ్లు మోటారు వేయడానికి లేచిన రైతుల ఇళ్లలోనూ నిద్ర వేళలు చెదరడం మామూలే. కనుక ఈ ప్రాంతంలో దీని ప్రస్తావన వచ్చినప్పుడు గాలీ ధూళీ కన్నా ముందు పని వేళలను విచారించడం న్యాయం.

స్తంభన పట్టినప్పుడు పెనుగులాడితే భయమే పెరుగుతుంది. ఇది గడిచిపోతుందని తలచుకుని, ఊపిరి మీద మనసు నిలిపి, కాలి వేలినో చేతి వేలినో కదపడానికి నెమ్మదిగా ప్రయత్నించడం చాలామందికి ఉపకరిస్తుంది. ఆంజనేయుడి పేరు తలచుకునే అలవాటును తీసివేయనక్కరలేదు, మనసు కుదుటపడడానికి అదీ తోడ్పడవచ్చు. తాయెత్తు కట్టుకుని వైద్యాన్ని వాయిదా వేయడం మాత్రం హానికరం. పక్కకు తిరిగి పడుకోవడం, రోజూ ఒకే వేళకు నిద్రించడం, సాయంత్రం దాటాక టీ మానడం నివారణకు సాయపడతాయి. పగటిపూట ఆపుకోలేని నిద్ర వచ్చినా, నవ్వినప్పుడు మోకాళ్లు సడలి కూలబడినా అది నార్కోలెప్సీ అనే నిద్రా వ్యాధి కావచ్చు, గురకతో ఊపిరి ఆగి ఆగి వస్తున్నా పరీక్ష అవసరం. చూపించుకోవడానికి వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి, భయం వదలని వారు 14416 నంబరు గల మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్‌కు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.