మన మైదానం పుట్టిల్లు

ఈ స్వర్ణోత్సవ సంచికలో మన ప్రిన్సిపాళ్ల గురించీ, స్థలమిచ్చిన దాతల గురించీ, ర్యాంకుల గురించీ రాసేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మైదానం గురించి రాస్తాను. మైదానం అంటే మాకు పి.డి. గారే, అంటే మా ఫిజికల్ డైరెక్టర్. ఆయన చదివింది మద్రాసు నందనంలోని వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలలో. ఆ కళాశాల పేరెత్తితే హ్యారీ క్రో బక్ పేరు చెప్పుకోవాలి. మన దేశంలో కాలేజీ అథ్లెటిక్స్ కోచ్ అనే మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడని అడిగితే, నా దృష్టిలో ఆయన దగ్గర్నుంచే.

బక్ రాకముందు మన బళ్లలో కసరత్తు లేదని కాదు. డ్రిల్లు మాస్టార్లు ఉండేవారు. ‘కలియుగ భీముడు’ కోడి రామమూర్తి నాయుడు గారు కూడా సైదాపేటలో శిక్షణ పొంది వచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడిగా పనిచేసినవారే. అయితే ఆ రోజుల్లో చాలా బళ్లలో డ్రిల్లు అంటే వరసలో నిలబడటం, చెప్పినట్టు చేతులు లేపడం దించడం, అంతే. ఒక కుర్రాడు ఎందుకు వేగంగా పరుగెత్తగలుగుతున్నాడు, ఇంకొకడు నూరు గజాలకే ఎందుకు ఆయాసపడుతున్నాడు అని గమనించి నేర్పే చదువు ఇక్కడ ఇంకా వేళ్లూనుకోలేదు.

1919లో అమెరికా నుంచి మద్రాసు వచ్చిన బక్ ఆ చదువును మొదలుపెట్టారు. ఆయన స్ప్రింగ్‌ఫీల్డ్ వై.ఎం.సి.ఎ. కళాశాలలో చదివినవారు. 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను పుట్టించింది అక్కడే. 1920లో బక్ మద్రాసులో బడి తెరిచేనాటికి పట్టుమని పదిమంది విద్యార్థులు కూడా లేరు. తర్వాత అది సైదాపేట పక్కన, ఇప్పుడు నందనం అంటున్న చోట స్థిరపడింది. విదేశీ ఆటలతో వచ్చిన మనిషి అయినా మన దేశీ ఆటలను చిన్నచూపు చూడలేదు, వాటికీ శిక్షణలో చోటిచ్చారు. ఆయన్ని నేను ఎక్కువగా గౌరవించేది ఈ ఒక్క సంగతికే.

1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు ఆయనే మేనేజర్. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగిన అఖిల భారత పోటీల నుంచి అథ్లెట్లను ఎంపిక చేశారు. లాంగ్ జంప్‌లో దలీప్ సింగ్, 110 మీటర్ల హర్డిల్స్‌లో సి.కె. లక్ష్మణన్ పారిస్‌లో దిగారు. టెన్నిస్ జట్టులో మన హైదరాబాదు హాదీ కూడా ఉన్నారు. ఆ తర్వాత పదేళ్లకు రంజీ ట్రోఫీలో మొట్టమొదటి సెంచరీ కొట్టిన సయ్యద్ మొహమ్మద్ హాదీ ఈయనే. అథ్లెటిక్స్‌లో పతకాలేమీ రాలేదు. ఒట్టి చేతులతో తిరిగొచ్చిన కోచ్ ఏం చేస్తాడు? తన శిష్యుల్లో మెరికల్లాంటి నలుగుర్ని ఏరుకుని వాళ్ల మీదే పనిచేస్తాడు. బక్ అలా చేయలేదు. వై.ఎం.సి.ఎ.కే చెందిన డాక్టర్ నోరెన్‌తో కలిసి రాష్ట్రాలు తిరిగి ఒలింపిక్ సంఘాలు పెట్టించారు. 1927లో దొరాబ్జీ టాటా అధ్యక్షుడిగా భారత ఒలింపిక్ సంఘం ఏర్పడింది. దానికి కింద నుంచి పునాది వేసిన చేతుల్లో ఈయనవీ ఉన్నాయి. ఆటల నియమాలన్నీ ఒకచోట చేర్చి పుస్తకంగా తెచ్చారు. ‘వ్యాయామ్’ పేరుతో పత్రిక నడిపారు. పల్లెటూరి హైస్కూల్లో ఒంటరిగా పనిచేసే మాస్టారికి అనుమానం వస్తే చూసుకోవడానికి చేతిలో ఒక పుస్తకం ఉండటం ఎంత ధైర్యమో, ఆ ఉద్యోగం చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఆ చదువు ఎలాంటిదో తెలియాలంటే వార్షిక క్రీడలకు ముందురోజు మా పి.డి. గారు ట్రాక్ గీయడం చూడాలి. ఎండ ఎక్కకముందే ఇద్దరు కుర్రాళ్లను వెంటేసుకుని వచ్చేవారు. సామానంతా మేకులు, పురికొస, టేపు, ఒక బస్తా సున్నం. ముందు రెండు కేంద్ర బిందువులు గుర్తించి మేకులు దిగ్గొట్టేవారు. తాడు ఒక కొన మేకుకు కట్టి, 36.5 మీటర్ల దగ్గర రెండో కొన బిగించి పట్టుకుని, అర్ధచంద్రాకారంగా నడుస్తూ గుర్తులు పెట్టించేవారు. తాడు వదులైతే ఊరుకునేవారు కాదు, మళ్లీ మొదటినుంచీ నడవాల్సిందే. రెండు వంపులనూ 84.39 మీటర్ల తిన్నటి గీతలు కలిపితే 400 మీటర్ల చుట్టు అవుతుంది. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. అసలు పరీక్ష ఆ తర్వాతే. బయటి లేన్‌లో పరుగెత్తేవాడికి వంపు పెద్దది కాబట్టి, 400 మీటర్ల పందెంలో రెండో లేన్ వాడిని 7.04 మీటర్లు ముందు నిలబెట్టాలి. అక్కణ్ణుంచి ఒక్కో లేన్‌కు ఇంకో 7.67 మీటర్లు కలుపుకుంటూ పోవాలి. ఈ లెక్క అడుగు తప్పినా ఎనిమిదో లేన్‌లోని పిల్లవాడికి అన్యాయం జరిగినట్టే. కొలత పూర్తయ్యాక పి.డి. గారు ఒకసారి తానే చుట్టూ నడిచి చూసుకుని, అప్పుడు గానీ సున్నం చల్లనిచ్చేవారు కాదు. బక్ కాలంలో గజాల లెక్క, 440 గజాల చుట్టు. కొలతలు మారాయి గానీ మేకూ తాడూ మాత్రం అవే.

బక్ 1943లో కన్నుమూశారు. అప్పటికి ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు దేశమంతటా బళ్లలో, కాలేజీల్లో కుదురుకున్నారు. ఆయన శిష్యుడు పి.ఎం. జోసెఫ్ 1957లో గ్వాలియర్‌లో మొదలైన లక్ష్మీబాయి వ్యాయామ విద్యా కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన ఆంధ్ర జిల్లాల నుంచి వ్యాయామ విద్య కోసం బయల్దేరిన కుర్రాళ్లకు దగ్గరి దారి నందనమే. ట్రంకుపెట్టెతో రైలెక్కి వెళ్లి, మెళ్లో విజిల్‌తో తిరిగొచ్చారు. వాళ్లకు జీతాలు పెద్దగా లేవు, పేపర్లలో ఫోటోలూ పడలేదు. కానీ ఏ సాయంత్రం చూసినా వాళ్ల మైదానం మాత్రం ఖాళీగా ఉండేది కాదు.

ఉత్సవ సంఘానికి ఒక్క మనవి. మన ఆఫీసు గదిలో ప్రిన్సిపాళ్ల పేర్లతో బోర్డు ఉంది. ఈ యాభై ఏళ్లలో పనిచేసిన పి.డి.ల పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు. పాత హాజరు పట్టీలు, జీతాల రిజిస్టర్లు తిరగేస్తే దొరుకుతాయి. వాటిని వెతికే పని నేను చేస్తాను. బోర్డు మాత్రం ఆటల సామాను గది గోడకే పెట్టించండి, పిల్లలు రోజూ బంతులూ నెట్లూ తీసుకోవడానికి వచ్చేది అక్కడికే.