ఇత్తడి డబ్బాలో కృతజ్ఞత

డిసెంబర్ వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో చాలాచోట్ల ఓ మూల అట్టపెట్టెలు ప్రత్యక్షమవుతాయి. సాక్సులు, చాక్లెట్లు, కాఫీ పొట్లాలు, ఒక గ్రీటింగ్ కార్డు. ఎక్కడో సముద్రాల అవతలున్న సైనికుడికి పండక్కి ఓ పార్సెల్ అన్నమాట. ఆన్‌సైట్ వెళ్ళిన మనవాళ్ళు కూడా మొహమాటానికో ఇష్టంగానో అందులో ఏదో ఒకటి వేసే ఉంటారు. ఈ అలవాటుకి ఓ పాత వెర్షన్ ఉంది. అందులో మన సిపాయిలకీ వాటా ఉంది కాబట్టి దాని గురించి రాద్దామనిపించింది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధంలోకి బ్రిటన్ దిగింది. క్రిస్మస్‌కల్లా అయిపోతుందని చాలామంది అనుకున్నారు. అవ్వలేదు. అక్టోబర్లో ఐదో జార్జి కూతురు మేరీ, అప్పటికి పదిహేడేళ్ళ పిల్ల, నావికులకీ యుద్ధరంగంలో ఉన్న సైనికులకీ క్రిస్మస్ కానుక పంపాలంది. మొదట తన సొంత డబ్బుతోనే పంపుతానంది. పెద్దవాళ్ళు "అయ్యే పని కాదమ్మా" అని చెప్పి ప్రజల దగ్గర చందాలు పోగేశారు. లక్షా అరవైరెండు వేల పౌండ్లకు పైగా వచ్చాయి. దాంతో మన ప్రాజెక్టుల్లో జరిగేదే అక్కడా జరిగింది. డబ్బుంది కదా అని స్కోప్ పెంచేశారు! రాజుగారి యూనిఫాం వేసుకున్న ప్రతివాడికీ ఇవ్వాలన్నారు. డెడ్‌లైన్ మాత్రం మారదు, క్రిస్మస్ కదా.

డబ్బా ఐదంగుళాల పొడవుంటుంది. మూతమీద మేరీ బొమ్మ, చుట్టూ మిత్రదేశాల పేర్లు, కింద క్రిస్మస్ 1914 అని. లోపల పొగతాగేవాళ్ళకి పైపు, పొగాకు, ఇరవై సిగరెట్లు, లైటరు. తాగనివాళ్ళకి పిప్పరమెంట్ల లాంటి బిళ్ళలు, కాగితాలూ పెన్సిలూ. లైటర్లు సరిపోక కొందరికి దువ్వెనలు, చాకులు, గడ్డం గీసుకునే బ్రష్షులు ఇచ్చారు. నాలుగు లక్షల పైచిలుకు డబ్బాలు క్రిస్మస్‌కి అందాయి. మిగతావాళ్ళకి ఫేజుల వారీగా వెళ్ళాయి. మధ్యలో ఇత్తడి కొరత వచ్చింది. అమెరికా నుంచి తెప్పిస్తున్న ఇత్తడిలో కొంత 1915 మేలో లూసిటేనియా ఓడతో పాటు సముద్రంలో మునిగింది. యుద్ధం అయిపోయాక కూడా పంపిణీ సాగి, మొత్తం లెక్క పాతిక లక్షలు దాటింది.

సరే, మనవాళ్ళ సంగతి. 1914 సెప్టెంబర్ 26న లాహోర్ డివిజన్ సిపాయిలు మార్సెయ్ రేవులో దిగారు. అక్టోబర్ ఆఖరుకి ఫ్రాన్స్, బెల్జియం కందకాల్లో ఉన్నారు. ఆ చలిలో వాళ్ళకి క్రిస్మస్ అంటే ఏమిటి? పండగ వాళ్ళది కాదు, యుద్ధమూ వాళ్ళది కాదు. అయినా కానుకల కమిటీ వీళ్ళ గురించి ఆలోచించింది. సిక్కులు పొగాకు ముట్టరని తెలుసుకుని వాళ్ళకి పటికబెల్లం, ఓ చిన్న డబ్బాలో మసాలా దినుసులు పెట్టారు. గూర్ఖాలకు తెల్లవాళ్ళకిచ్చినవే. మిగతా భారతీయ సిపాయిలకు సిగరెట్లు, పటికబెల్లం, మసాలా దినుసులు. నిజం చెప్పొద్దూ, ఇది చదివి ముచ్చటేసింది. ఎవడేం తింటాడో కనుక్కుని పెట్టడం చిన్న విషయం కాదు. ఈ రోజుల్లో ఆఫీసు పార్టీల్లోనే అది సరిగా జరగదు.

కానీ ఆ జాబితా చివర్లో ఇంకో వరుస ఉంది. సైన్యంతో పాటు వెళ్ళిన భిస్తీల్లాంటి నౌకర్లకి ఒక్క మసాలా డబ్బా మాత్రమే. అంతే. నీళ్ళు మోసేవాడు కూడా ఆ ఫిరంగుల కిందే తిరిగాడు. చలి అతనికేం తక్కువ వెయ్యలేదు. కానుకలో కూడా గ్రేడు ఉందన్నమాట.

అన్నట్టు ఆ సిపాయిల్లో తెలుగువాళ్ళు తక్కువ. దానికో కథ ఉంది. 1857 నాటి ఢిల్లీలో కంపెనీ సిపాయిని "తిలంగా" అనేవాళ్ళు. అంటే తెలంగీ, తెలుగువాడు. సిపాయి అనే మాటకి మన జాతి పేరే పర్యాయపదం! మరో అర్ధశతాబ్దం తిరక్కుండానే కొన్ని కులాలు, ప్రాంతాల వాళ్ళే యుద్ధానికి పనికొస్తారనే సిద్ధాంతం ఒకటి పుట్టించి దక్షిణాది వాళ్ళ భర్తీ బాగా తగ్గించేశారు. మద్రాస్ సాపర్స్‌లో మాత్రం తమిళులతో పాటు మనవాళ్ళు మిగిలారు. రాళ్ళు పగలగొట్టి, వంతెనలు కట్టే పని.

స్వాతంత్ర్యం వచ్చాక మనం మొదలెట్టుకున్నది జెండా దినం. 1949 నుంచి ఏటా డిసెంబర్ 7. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం, మూడు రంగుల చిన్న జెండా. స్కూల్లో గుండుసూదితో చొక్కాకి గుచ్చి చిల్లర వసూలు చెయ్యడం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ డబ్బు యుద్ధంలో పోయినవాళ్ళ కుటుంబాలకు, వికలాంగులైన సైనికులకు, మాజీ సైనికుల సంక్షేమానికి వెళ్తుంది. జిల్లాల్లో సైనిక సంక్షేమ కార్యాలయాలున్నది ఇందుకే. నాకు ఇత్తడి డబ్బా కంటే ఈ పద్ధతే నచ్చుతుంది. కానుక యూనిఫాంలో ఉన్నవాడికి వెళ్తుంది, ఈ జెండా యూనిఫాం విప్పేసినవాడిని కూడా లెక్కలో వేసుకుంటుంది.

విప్పేశాకే అసలు చిక్కు. జవాను చాలాసార్లు నలభై దాటకుండానే రిటైరవుతాడు, అదీ పిల్లల చదువులు మధ్యలో ఉండగా. ఒకే ర్యాంకు ఒకే పెన్షన్ కోసం దశాబ్దాలు అడిగి అడిగి, 2015లో జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు. ఉత్తర్వు నవంబర్ 7న వచ్చింది, దీపావళికి సరిగ్గా నాలుగు రోజుల ముందు. పండగ కానుక అనుకోవచ్చు. కానీ అందులో షరతులు నచ్చక కొందరు పండగకి ముందే పతకాలు తిరిగిచ్చెయ్యడానికి బయల్దేరారు.

మన టెక్ పార్కుల గేట్ల దగ్గర రోజూ మన ఐడీ కార్డు చూసి పంపించేవాళ్ళలో మాజీ సైనికులు ఎంతోమంది. హెచ్చార్ వాళ్ళు డిసెంబర్లో క్రిస్మస్ చెట్టు పెడతారు, సీక్రెట్ శాంటా చీటీలు తీయిస్తారు. ఆ చీటీల్లో గేటు దగ్గరవాళ్ళ పేర్లు ఉండవు, వాళ్ళు వెండర్ రోల్స్‌లో ఉంటారు కదా.